అశోక్ నగర్ నాలా నుంచి నాలుక చేప నేల దాకా

మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందుండదు. చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ, నల్లకుంట ఇళ్ళలోని సంచులన్నీ ఆ రోజు అక్కడే ఉంటాయి. బొచ్చె, రవ్వ, కొర్రమీను, అన్నీ చెరువు చేపలే. సముద్రపు సరుకు పెద్దగా కనబడదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకి నిషేధం. కార్తె సరిగ్గా ఆ 61 రోజుల్లోనే పడుతుంది. నిషేధం ఎత్తేశాక కొన్నాళ్ళకి ఐసు పెట్టెల్లో బందరు, కాకినాడ, విశాఖ చేపలు దిగడం మొదలవుతుంది.

అలా దిగిన రోజుల్లో ఒక ఆదివారం, చందువాల పక్కన విడిగా పోసిన చిన్న కుప్ప నా కంటబడింది. జానెడు పొడవు, గోధుమరంగు, చివరికొచ్చేసరికి సన్నబడిన ఒళ్ళు. తోక ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఒళ్ళంతా చుట్టూ అంచు కుట్టినట్టు రెక్క. నాలుక చేపలు.

"గివి ఎవ్వరు కొంటలేరు సార్," అంది అమ్మే ఆవిడ. "కండ్లు రెండు ఒక్క దిక్కే ఉన్నయని పిల్లలు భయపడ్తున్నరట."

"ఎక్కడివమ్మా ఇవి?"

"బందరుకెళ్ళి వచ్చినయ్."

పిల్లలు భయపడేదేమీ లేదు గానీ, ఆశ్చర్యపోవలసింది చాలా ఉంది. ఆ పక్కనే ఉన్న చందువాదీ పలచటి ఒళ్ళే. అయితే చందువా నీళ్ళలో నిలువుగా ఈదుతుంది, పక్కకొక కన్ను ఉంటుంది. టేకు చేప కూడా బల్లపరుపుగానే ఉంటుంది, కానీ అది వీపు నుంచి పొట్టకి అణిగిన చేప, కుడి ఎడమలు సమానం. నాలుక చేప తీరు వేరు. అందరిలాగే నిలువు చేపగా పుట్టి, తర్వాత పక్కకి ఒరిగి, ఆ పక్క మీదే పడుకుని బతుకంతా గడుపుతుంది. మనకి వీపులా కనబడేది నిజానికి దాని ఎడమ పక్క. తెల్లగా, పొట్టలా కనబడేది కుడి పక్క. కింద ఉండిపోవాల్సిన కుడి కన్ను తల దాటి ఎడమ పక్కకి వచ్చేస్తుంది.

ఈ చేపని ఐసు మీద చూస్తే వికారంగానే ఉంటుంది. దాని నేల మీద చూడాలి. అక్కడ గానీ ఆ ఒంటికి అర్థం తెలియదు. నేను బందరు బస్సెక్కడానికి అదొక కారణం.

రెండో కారణం మా పేటలోనే ఉంది. హుస్సేన్ సాగర్ నిండితే పొర్లే నీళ్ళు నాలాగా గాంధీనగర్, అశోక్ నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా పోయి గోల్నాక దగ్గర మూసీలో పడతాయి. అశోక్ నగర్ వంతెన మీద రోజూ వేలమంది నడుస్తారు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు, కోచింగ్ సెంటర్ల నోట్సు చంకన పెట్టుకుని, కింది వాసనకి ముక్కు మూసుకుని దాటిపోతారు. ఆ పిల్లల్ని అడిగితే నదుల పాఠం అప్పజెబుతారు: మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే మా నాలాకి చివరి ఊరు ఆ తీరమే. రాంనగర్‌లో ఐసు మీద పడుకున్న ఆ చేప బతికిన బురద, మా నాలా నీళ్ళు చేరే బురద ఒకే సముద్రపు అడుగున ఉన్నాయి.

బయలుదేరే ముందు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కాసేపు కూర్చున్నాను. అక్కడ కుర్చీ దొరకడమే ఒక విజయం. తెల్లారేసరికి సంచులు పెట్టి చోటు పట్టేస్తారు ఉద్యోగార్థులు. చుట్టూ పాలిటీ, ఎకానమీ గుట్టల మధ్య నేను డార్విన్‌ని తెరిచాను. ఈ చేప కన్ను ఆయన్ని కూడా నిద్రపోనివ్వలేదు. 1871లో మైవార్ట్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒక గట్టి ప్రశ్న వేశాడు. కన్ను తరతరాలుగా కొంచెం కొంచెం జరిగిందనుకుందాం, సగం దారిలో ఆగిన కన్ను వల్ల చేపకి ఒరిగేదేమిటి? కింద ఉంటే బురదలోనే ఉంది కదా, ఇంకా పైకి రాలేదు కదా అని. డార్విన్ తన పుస్తకానికి 1872లో వచ్చిన ఆరో కూర్పులో దానికి జవాబు రాశాడు. పడుకున్న పిల్ల చేప కింది కన్నుని పైకి తిప్పి చూడ్డానికి ప్రయాసపడుతుందని, ఆ ప్రయాస నుంచే మార్పు మొదలై ఉంటుందని.

ఆ వాదానికి రాళ్ళలో దాగిన సాక్ష్యం దొరకడానికి మరో 136 ఏళ్ళు పట్టింది. 2008లో మ్యాట్ ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకుడు దాదాపు 5 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాల్ని పరీక్షించాడు. ఆంఫిస్టియం, హెటెరోనెక్టెస్ అన్న ఆ చేపల్లో ఒక కన్ను సగం దారి దాకా జరిగి, తల అంచు దాటకుండానే ఉంది. అవి పెద్ద చేపలే, పిల్లలు కావు. అంటే సగం జరిగిన కన్నుతోనూ అవి నిక్షేపంగా బతికాయి. మైవార్ట్ అసాధ్యమన్న చేప నిజంగానే ఉండేది. మ్యూజియం అరల్లో ఎన్నేళ్ళుగానో ఎదురుగా ఉన్నవాటిని ఒక మనిషి మళ్ళీ తీసి చూడడమనే పనిని నేను తల్చుకున్నప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

హైదరాబాదు నుంచి బందరు దాకా ఇప్పుడు 65వ జాతీయ రహదారి. గోల్కొండ సుల్తానుల కాలంలో దాదాపు ఇదే దారి వెంట బళ్ళు నడిచేవి. కుతుబ్ షాహీల సముద్రం బందరే. 1611లో ఇంగ్లీషు వాళ్ళు వచ్చి కొట్టు పెట్టుకున్నదీ అక్కడే. సూర్యాపేటకి ముందు బస్సు మూసీ వంతెన ఎక్కింది. కింద నీళ్ళు పలచగా, అక్కడక్కడా నురగతో. గట్టు పొడవునా వరి. మా నాలా నీళ్ళన్నీ సముద్రం దాకా వెళ్తాయని చెప్పను. చాలావరకు ఈ పొలాల్లోనే ఇంకిపోతాయి. మిగిలింది పులిచింతల వెనకా, ప్రకాశం బ్యారేజీ వెనకా ఆగుతుంది. వరద వచ్చి గేట్లెత్తినప్పుడు మాత్రం నదికి ఎంగిలి ఉండదు, ఊళ్ళ మురికి, కొండల మన్ను, ప్లాస్టిక్ సంచులు అన్నీ కలిపి తోసుకుపోతుంది. విజయవాడ, పామర్రు దాటేసరికి చీకటి పడింది.

గిలకలదిండి హార్బర్‌కి తెల్లవారుజామునే వెళ్ళాను. బోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. సరంగులు టీ తాగుతున్నారు, కలాసీలు ట్రేలు అందిస్తున్నారు. గట్టు మీద వేలంపాట. రొయ్యకే మొదటి పీట. తర్వాత చందువా, వంజరం, మాగ, పండుగప్ప. గొరకలు, సావడాలు గుట్టలుగా. నాలుక చేపల కోసం ఎవరూ బోటు కట్టరు. వల వేసేది రొయ్యకి. రొయ్య బతికే బురదలోనే ఇదీ ఉంటుంది గనక తోడుగా వచ్చేస్తుంది. వల కింది తాడుకి గొలుసులుంటాయి. అవి అడుగుని రాసుకుంటూ పోతుంటే బురదలో దాగినవి ఉలిక్కిపడి పైకి లేస్తాయి, వెనకే వస్తున్న వల నోట్లో పడతాయి.

చేపలు ఏరుతున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను.

"ఏం బాబూ, కొంటారా?"

"కొంటానమ్మా. ముందు కాస్త చూడనిస్తారా?"

"చూడండి, చూడ్డానికి డబ్బులేం లేవుగా," అని ట్రే నా ముందుకి జరిపింది.

చూడడానికి ఒక పద్ధతి ఉంది. కళ్ళున్న పక్క పైకి పెట్టి, పొట్ట అంచు మన వైపు తిప్పుకోవాలి. నోటి వంపు, మొప్ప మూత కింది కొస ఏ అంచుకి ఉంటే అదే పొట్ట వైపు. అలా పెడితే నాలుక చేపల తలలన్నీ ఎడమకే తిరిగాయి. ఇది ఎడమ కంటి కుటుంబం, సైనోగ్లాసిడే. అదే ట్రేలో ఇంకో రకం కూడా కలిసి వచ్చింది, కాస్త కోలగా, గుండ్రంగా. దాన్ని అలాగే పెడితే తల కుడికి వచ్చింది. అది సోల్ కుటుంబం, సోలిడే. చూడ్డానికి అన్నదమ్ముల పిల్లల్లా ఉన్నా ఒకటి కుడి పక్క మీద, ఒకటి ఎడమ పక్క మీద పడుకుంటుంది. ఒక్కొక్క కుటుంబంలో కోట్ల చేపలు పుట్టినా దాదాపు అన్నీ ఒకే వైపుకి ఒరుగుతాయి.

ఆ నియమం పట్టని చేప ఒకటి ఉంది. పెద్దావిడ దాన్ని విడిగా పక్కన పెట్టింది, ఖరీదు ఎక్కువని. మూరెడు పొడవు, దళసరి ఒళ్ళు, పెద్ద నోరు, వాడి పళ్ళు. శాస్త్రంలో సెట్టోడెస్ ఎరుమై. బల్లపరుపు చేపల్లో ప్రాచీన లక్షణాలు ఎక్కువగా నిలుపుకున్నది ఇదే. వీటిలో సగానికి కుడి వైపు, సగానికి ఎడమ వైపు కళ్ళుంటాయి. జరిగిన కన్ను పూర్తిగా పై పక్కకి రాకుండా నెత్తి అంచు మీదే నిలిచిపోతుంది. వీపు రెక్క కూడా తల మీదకి పాకదు. దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. గ్రంథాలయంలో చదివిన 5 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలకి దగ్గర పోలిక ఉన్నది బందరు గట్టు మీద ఐసు కారుతూ నా చేతుల్లో ఉంది. బల్లపరుపు చేపలు ప్రపంచం మొత్తం మీద దాదాపు 800 జాతులు. వాటన్నిటి మొదటి చుట్టం లాంటి చేప మన తీరంలో దొరుకుతుంది, మనం పులుసు పెట్టుకుంటాం. ఈ సంగతి మన బడిపిల్లల పుస్తకాల్లో ఉండాల్సింది.

రెండు వందల ఏళ్ళ కిందట విశాఖపట్నంలో కూర్చుని ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈ తీరం చేపలకి బొమ్మలు గీయించాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరుందో ఆయనే. 1803లో రెండు సంపుటాలుగా, 200 చేపల వివరాలతో అచ్చయిన ఆ పుస్తకంలో చాలా చేపలకి మన పల్లెకారులు చెప్పిన తెలుగు పేరే పెట్టాడు. ఒక రకం నాలుక చేపలకి జెర్రిపోతు అని ఉంది. ఫోన్‌లో ఆ బొమ్మలు చూపిస్తే పెద్దావిడ పేరు పట్టించుకోలేదు. బొమ్మ వంక మాత్రం చాలాసేపు చూసి, "పొలుసు బాగా గీశాడు" అంది. నిజమే. వేలితో తోక నుంచి తల వైపు రుద్దితే నాలుక చేప పొలుసు గరుకుగా గీసుకుంటుంది. ఆ గరుకు కూడా బొమ్మలో ఉంది.

నేను కొన్నవాటిని ఆవిడే బాగు చేసిచ్చింది. తల దగ్గర కత్తితో చిన్న గాటు పెట్టి, వేళ్ళకి కాస్త ఉప్పు అద్దుకుని, తోలు పట్టుకుని తోక దాకా ఒక్క లాగు లాగింది. అరటితొక్కలా మొత్తం ఊడి వచ్చేసింది. కడుపు సంచి ఇంతే ఉంది, తలకి ఆనుకుని, బొటనవేలంత. చీరి చూపించింది: బూడిదరంగు బురద, అందులో తెగిన పురుగు ముక్కలు, చిన్న గుల్ల పెంకులు. నోరు వంకరగా కిందికి తిరిగి ఉండడానికి కారణం అదే. తెల్లగా, ఏ రంగూ లేని ఆ గుడ్డి పక్కన మూతి చుట్టూ చిన్న చిన్న బుడిపెలున్నాయి. వాటితో బురదని తడుముతూ, వాసన పడుతూ తిండి వెతుక్కుంటుంది. పై పక్క కాపలా, కింది పక్క వంట. ఒకే ఒంట్లో రెండు చర్మాలు రెండు ఉద్యోగాలు చేస్తాయి.

సన్నవి, వేలంత లేనివి వేరే గుట్టలో పడుతున్నాయి. వాటిలో కొన్ని ఎండబెడతారు, మిగిలినవి మేత తయారీకి పోతాయి. ఆ గుట్టలో నాలుక పిల్లలు ఎన్ని ఉన్నాయో చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. అంతంత దూరం వచ్చి, కన్ను మార్చుకుని, అప్పుడే నేల పట్టిన పిల్లలవి.

ఎందుకంటే అవి నేల పట్టడానికి పడే పాటు మామూలుది కాదు. గుడ్డు నీటి పైన తేలుతుంది. పిల్ల పారదర్శకంగా, పక్కకొక కన్నుతో, పైపైన ఈదుతూ పుడుతుంది. అప్పుడు దాన్ని చూసిన వాళ్ళెవరూ నాలుక చేప అనుకోరు. కొన్ని వారాలకి ఒంట్లో థైరాయిడ్ హార్మోను పెరుగుతుంది. మన కప్ప పిల్ల తోక రాల్చుకోవడానికి కారణమైన హార్మోనే. దాని ప్రభావానికి కపాలం మెలిపడుతుంది, కుడి కన్ను కొద్ది రోజుల్లోనే తల దాటి ఎడమకి చేరుతుంది, కుడి పక్క రంగు పట్టకుండా ఉండిపోతుంది. ఆ తర్వాత పిల్ల నీటి మధ్యని వదిలేసి అడుగుకి దిగుతుంది. పెద్దయ్యాక దానికి గాలితిత్తి ఉండదు. తేలాల్సిన అవసరం ఇక లేదు. ఆ దిగే చోట మెత్తటి నేల, తగిన తిండి, దాక్కునే బురద ఉంటే బతుకుతుంది. నదుల ముఖాలు, మడ అడవుల వెనక నీళ్ళు, లోతు తక్కువ అఖాతాలు వీటికి పురిటిళ్ళు.

అందుకే మంగినపూడి వెళ్ళాను. ఆ తీరం ఇసక తీరం కాదు. నల్లరేగడి. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. సముద్రంలోకి ఎంత నడిచినా మోకాలి లోతు దాటదు, కాలి కింద బురద వేళ్ళ మధ్యలోంచి పైకి వస్తుంది. పర్యాటకులు కొందరు నీళ్ళు నల్లగా ఉన్నాయని మొహం చిట్లించారు. నాకు మాత్రం ఆ నల్లదనం చూస్తే ధైర్యంగా అనిపించింది. సహ్యాద్రి నుంచి, దక్కను పీఠభూమి నుంచి, మన తెలంగాణ చెలకల నుంచి కొట్టుకొచ్చిన మన్ను అది. కోట్ల జీవాలకి అది నేల.

మర్నాడు అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప తీరానికి వెళ్తే ఒక పక్క మడ అడవి, ఎదురుగా సముద్రం, ఆ పక్కగా నది. అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్ళు, రెండు వరసల మనుషులు, నడుముకి గుడ్డ చుట్టి వెనక్కి వెనక్కి అడుగులు. వల గట్టుకొచ్చాక కవళ్ళు, చిన్న రొయ్యలు, పీతలు, వాటి మధ్య బతికున్న నాలుక పిల్ల ఒకటి.

అడిగితే ఇచ్చేశారు. చేతి గుంటలో నీళ్ళు పట్టి, దాన్ని మడమ లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి వదిలాను. ఒక్క క్షణం కదలలేదు. తర్వాత ఒళ్ళంతా చుట్టూ ఉన్న రెక్క తల నుంచి తోక దాకా ఒక్కసారి అల లేచినట్టు ఆడింది. బురద లేచి పొగలా కమ్మింది. అది మళ్ళీ కిందికి దిగేసరికి చేప మీద పలచటి పొర పడింది. రెండు చుక్కల్లాంటి కళ్ళు మాత్రం బయట. వంగి చూస్తున్న నేనే అది ఎక్కడుందో ఒకటికి రెండుసార్లు వెతుక్కోవాల్సి వచ్చింది. రంగు మార్చడంలో ఈ వంశం ఆరితేరింది. వి.ఎస్. రామచంద్రన్ బృందం 1996లో ఫ్లౌండర్ అనే ఒక జాతి బల్లపరుపు చేపని గళ్ళ నేల మీద పెట్టి పరీక్షిస్తే, 2 నుంచి 8 సెకన్లలో తన ఒంటి మచ్చల్ని ఆ గళ్ళకి సరిపోయేలా మార్చుకుంది. నేలని కళ్ళతో చూసి, ఒంటి మీద రాసుకుంటుంది. రాంనగర్‌లో వికారంగా కనబడిన ఆ ఒళ్ళు ఇక్కడ ఇంత సొగసుగా అమరింది. ఒక్క వెంట్రుకవాసి కూడా వృథాగా లేదు.

వల యజమాని, తెల్లజుట్టు మనిషి, నా వెనకే వచ్చి నిలబడ్డాడు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నాటు పడవలకే వదిలేయాలని చట్టం ఉంది కదా, మరబోట్లు రావా అని అడిగాను.

"పగలు రారండీ. రాత్రిళ్ళు కొందరొస్తారు. అడుగంతా గీకి పోతారు. పొద్దున మేం వల లాగితే ఉత్తి బురదే."

ఆ మాటలో కోపం కన్నా అలసట ఎక్కువగా వినిపించింది. నేల మీద దున్నిన చేను మళ్ళీ విత్తుకోవచ్చు. సముద్రపు అడుగుని మళ్ళీ మళ్ళీ గీకితే పురుగుల బొరియలు, గుల్లలు, వాటి మీద ఆధారపడ్డ చేపలు తిరిగి కుదురుకోవడానికి సమయం కావాలి. 61 రోజుల విరామం గుడ్ల కాలానికి కొంత మేలు చేస్తుంది. పిల్లలు నేల పట్టే తీరపు బురదకి మాత్రం ఏడాది పొడవునా కాపలా కావాలి. ఆ 8 కిలోమీటర్ల గీత నాటు పడవ వాళ్ళ హక్కు మాత్రమే కాదు, ఈ పిల్లల ఇల్లు కూడా. దాన్ని గట్టిగా కాయాలని నా అభిప్రాయం. అలాగే వరదతో వచ్చే ప్లాస్టిక్ సంచి ఈ బురద మీద పరుచుకుంటే దాని కింద గాలి ఆడదు, పురుగు ఉండదు. అశోక్ నగర్ వంతెన మీంచి విసిరేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఎక్కడ వల వేస్తే నాలుకలు పడతాయో మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

ఆయన వంగి, నేను చేపని వదిలిన చోటుకి కాస్త ఎడంగా గుప్పెడు బురద తీశాడు. నీళ్ళు కారనిచ్చి అరచెయ్యి విప్పాడు. సన్నటి గొట్టాల్లాంటి బొరియలు, వాటిలోంచి ఎర్రగా మెదులుతున్న పురుగులు మూడో నాలుగో. వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టాడు. ఉప్పు వాసన, మట్టి వాసన, అంతే, కుళ్ళు లేదు.

"ఇది ఉంటే అది ఉంటదండీ," అన్నాడు. "కుళ్ళు వాసనొచ్చే చోట మేం వల వెయ్యం. ఆ మూల ఒకటుంది, చూపిస్తా రండి," అంటూ నది కలిసే వైపు నడక మొదలెట్టాడు.